మూడు దిక్కుల పొగ, 0.03 పరిమితి

కాణిపాకంలో థర్మల్ కేంద్రం లేదు. ఆ మాటకొస్తే చిత్తూరు జిల్లాలోనే బొగ్గుతో నడిచే పెద్ద విద్యుత్ కేంద్రమేదీ లేదు. అయినా వరసిద్ధి వినాయకుడి గుడి దగ్గర కంపాసు ముల్లు గుచ్చి, పటం మీద 175 కిలోమీటర్ల వృత్తం గీసి చూడండి. మూడు వైపులా పొగగొట్టాలు కనబడతాయి.

తూర్పున, సూటిగా లెక్కిస్తే 140 కిలోమీటర్ల దూరంలో ఎన్నూరు, అత్తిపట్టు ప్రాంతం ఉంది. అక్కడి ఉత్తర చెన్నై కేంద్రం పాత యూనిట్లు 1,830 మెగావాట్లు, 2024లో వచ్చిన మూడో దశ 800 మెగావాట్లు, పక్కనే ఉన్న వల్లూరు 1,500 మెగావాట్లు. ఈశాన్యంలో సుమారు 160 కిలోమీటర్ల దూరాన నెల్లూరు జిల్లా కృష్ణపట్నం తీరం. నేలటూరులోని శ్రీ దామోదరం సంజీవయ్య కేంద్రం సామర్థ్యం 2,400 మెగావాట్లు. అదే తీరంలో ఎస్‌ఈఐఎల్ కేంద్రాలవి 2,640, మీనాక్షి ఎనర్జీది 1,000. ఉత్తరాన సుమారు 170 కిలోమీటర్ల దూరంలో ముద్దనూరు దగ్గర మన రాయలసీమ థర్మల్ కేంద్రం, అందరూ ఆర్టీపీపీ అనేది, 1,650 మెగావాట్లు. మొత్తం కలిపితే 11,820. ఇది స్థాపిత సామర్థ్యం మాత్రమే. అన్ని యూనిట్లూ అన్ని రోజులూ నిండుగా నడవవు. కానీ ఇన్ని వేల మెగావాట్ల బొగ్గు పొగ మధ్య మనం ఉన్నామన్న సంగతి జిల్లాలో ఎంతమందికి తెలుసు?

ఆ పొగలో దుమ్ము ఉంటుంది, గంధకం ఉంటుంది. వాటి గురించి తరచూ వింటూనే ఉంటాం. పాదరసం కూడా ఉంటుంది. దాని సంగతి ఎవరూ ఎత్తరు. ఈ కథనం దాని గురించే.

ముందు తిరుపతి నుంచి నడిచే మన డిస్కం పంపే కరెంటు బిల్లుతో మొదలుపెడదాం. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయడానికి దాదాపు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కోసం ధన్‌బాద్‌లోని కేంద్ర గనులు, ఇంధన పరిశోధన సంస్థ చేసిన అధ్యయనం ప్రకారం మన థర్మల్ బొగ్గులో టన్నుకు సగటున 0.14 గ్రాముల పాదరసం ఉంటుంది. గనిని బట్టి ఇది మారుతుంది. సగటు పట్టుకుని గుణిస్తే ఒక యూనిట్ బొగ్గు కరెంటుకు 0.1 మిల్లీగ్రాము. నెలకు 200 యూనిట్లు వాడే ఇంట్లో ఆ కరెంటంతా బొగ్గుదే అనుకుంటే, నెలకు 20 మిల్లీగ్రాములు. పాత సీఎఫ్ఎల్ బల్బులు నాలుగైదింటిలో ఉండేంత పాదరసం ఇది. బల్బు పగిలితే కిటికీలు తెరవండి, చేత్తో ఎత్తకండి అని జాగ్రత్తలు చెబుతాం. మీటరు తిరిగినప్పుడు ఏమీ చెప్పం.

ఇంటి లెక్క చిన్నదే. ఆర్టీపీపీ ఏడాదంతా సగటున 60 శాతం సామర్థ్యంతో నడిచిందనుకుందాం. సుమారు 867 కోట్ల యూనిట్లు వస్తాయి. దానికి కాలే బొగ్గులో ఉండే పాదరసం దాదాపు 850 కిలోలు. దేశం మొత్తం మీద విద్యుత్ కేంద్రాలు ఏడాదికి 80 కోట్ల టన్నులకు పైగా బొగ్గు కాలుస్తున్నాయి. ఆ బొగ్గులోని పాదరసం 110 టన్నులు దాటుతుంది. 2015లో మనిషి చేతల వల్ల ప్రపంచమంతా గాలిలోకి వెళ్లిన పాదరసం సుమారు 2,220 టన్నులని ఐక్యరాజ్యసమితి అంచనా. అందులో ఐదో వంతు బొగ్గు కాల్చడం వల్ల వచ్చిందే.

ఏటా వినాయక చవితికి విగ్రహాల రంగుల్లో సీసం, పాదరసం ఉంటాయనీ, మట్టి గణపతినే పూజించాలనీ ప్రచారం జరుగుతుంది. మంచిదే, జరగాలి కూడా. ఆ శ్రద్ధలో కొంత పొగగొట్టాల మీదికి కూడా మళ్లితే బాగుండేది.

ఇక్కడ కాణిపాకం పాఠకులకు సహజంగా వచ్చే అనుమానం ఒకటుంది. స్వామి వెలసింది బావిలో. ఆ నీరే తీర్థం. గాలిలో పాదరసం ఉందంటే ఆ నీటికి ప్రమాదమా? కంగారు పడాల్సిన చోటు అది కాదు. తాగునీటిలో లీటరుకు 0.001 మిల్లీగ్రాము వరకు పాదరసాన్ని మన ప్రమాణాలు అనుమతిస్తాయి. గాలి నుంచి రాలే పాదరసం మామూలుగా నీటిలో ఆ స్థాయికి ఎక్కడో అడుగున ఉంటుంది. ప్రమాదం నీళ్లలో కంటే చేపలో ఎక్కువ.

ఎలాగంటే, గాలి నుంచి చెరువుల్లోకి, వాగుల్లోకి, ఉప్పుటేరుల్లోకి రాలిన పాదరసం అడుగున బురదలోకి చేరుతుంది. అక్కడ గాలి తగలని చోట బతికే కొన్ని రకాల బ్యాక్టీరియా దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. ఇది జీవుల కండరాల్లోకి సులభంగా ఎక్కి, దిగడానికి మొరాయిస్తుంది. నాచును తిన్న పురుగులో కొంచెం, పురుగును తిన్న చిన్న చేపలో ఇంకొంచెం, చిన్న చేపలను తిన్న పెద్ద చేపలో చాలా. నీటిలో ఉన్న సాంద్రతతో పోలిస్తే వేటాడి తినే పెద్ద చేపలో అది లక్షల రెట్లు పెరగవచ్చు. కృష్ణపట్నం పక్కన కండలేరు ఉప్పుటేరు ఉంది. కొంత దక్షిణాన పులికాట్ సరస్సు. నెల్లూరు, చెన్నై రేవుల చేపలు పొద్దున్నే చిత్తూరు మార్కెట్‌కు చేరుతాయి. 160 కిలోమీటర్ల దూరం మనల్ని కాపాడేదేమీ కాదు.

ఎంత తింటే ఎక్కువ? శరీర బరువు కిలోకు వారానికి 1.6 మైక్రోగ్రాముల మిథైల్ పాదరసం దాటకూడదని ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల కమిటీ హద్దు పెట్టింది. 55 కిలోల గర్భిణికి వారానికి 88 మైక్రోగ్రాములు. గ్రాముకు 0.1 మైక్రోగ్రాము ఉన్న చేపయితే వారానికి ముప్పాతిక కిలో తిన్నా హద్దు దాటదు. గ్రాముకు 0.5 ఉన్న చేపయితే 176 గ్రాములకే హద్దు. అంటే రెండు ముక్కలు. సొర లాంటి వేటాడే పెద్ద చేపల్లో ఎక్కువ ఉంటుంది. కవళ్లు, నెత్తళ్లు వంటి చిన్న చేపల్లో తక్కువ. చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి కూడా ఆహారపు గొలుసులో కింది మెట్టువే. అందుకని చేపలు మానేయమని చెప్పడం తప్పు. గర్భిణికి చేప మంచి ఆహారం. ఏ చేప అన్నదే ప్రశ్న.

గర్భిణినే ఎందుకు ఉదాహరణగా తీసుకున్నానంటే, మిథైల్ పాదరసం మాయను దాటి పిండం మెదడును చేరుతుంది. తల్లికి ఏ లక్షణమూ కనబడకుండానే బిడ్డ జ్ఞాపకశక్తి, మాట, చేతి పని నేర్పు దెబ్బతినవచ్చు. జపాన్‌లోని మినమాటాలో చిస్సో కంపెనీ సముద్రంలోకి వదిలిన పాదరసం వల్ల జబ్బు వచ్చినట్టు 1956 మే 1న అధికారికంగా నమోదైంది. 2,200 మందికి పైగా బాధితులను ఆ దేశం గుర్తించింది. ఇరాక్‌లో 1971–72లో మిథైల్ పాదరసం పూసిన విత్తన గోధుమలతో రొట్టెలు చేసుకు తిని 6,530 మంది ఆసుపత్రుల పాలయ్యారు, 459 మంది చనిపోయారు. అవి భారీ మోతాదులు. థర్మల్ కేంద్రాల పాదరసం అలా కుప్పకూల్చదు. లక్షల మంది పిల్లల్లో కొద్దికొద్దిగా తెలివితేటలను తగ్గిస్తుంది. ఆసుపత్రి రిజిస్టరులోకి ఎక్కని నష్టం కాబట్టే దీనికి చట్టం అవసరం. బాధితుడు కనబడని చోట ఫిర్యాదు ఎవరు చేస్తారు?

చట్టం ఉందా అంటే, ఉంది. 2015 డిసెంబరు 7న కేంద్ర పర్యావరణ శాఖ థర్మల్ కేంద్రాలకు కొత్త పరిమితులు ప్రకటించింది. పాదరసానికి హద్దు పెట్టడం అప్పుడే మొదలు. ఘనపు మీటరు పొగలో 0.03 మిల్లీగ్రాములు, అంటే 30 మైక్రోగ్రాములు మించరాదు. 2003 తర్వాత వచ్చిన అన్ని యూనిట్లకూ, అంతకుముందు కట్టినవాటిలో 500 మెగావాట్లు, ఆ పైన ఉన్నవాటికీ ఇది వర్తిస్తుంది. 2003కు ముందు వచ్చిన చిన్న యూనిట్లకు పాదరసం హద్దే లేదు. ఆర్టీపీపీ మొదటి రెండు 210 మెగావాట్ల యూనిట్లు 1990ల నాటివి. పాత చిన్నవాటి దగ్గరే పరికరాలు అంతంతమాత్రం. సడలింపు కూడా వాటికే.

ఇప్పుడు ఆ 0.03ను మనమే కొలిచి చూద్దాం. మన రకం బొగ్గు ఒక కిలో కాలితే సుమారు ఐదున్నర ఘనపు మీటర్ల పొగ వస్తుంది. కిలో బొగ్గులో 0.14 మిల్లీగ్రాముల పాదరసం ఉంది. ఒక్క రవ్వ కూడా పట్టకుండా మొత్తం చిమ్నీలోంచి వదిలేశారనుకుందాం. 0.14ను 5.5తో భాగిస్తే 0.025. పరిమితి 0.03.

ఇంకోసారి చదవండి. సగటు బొగ్గు వాడే కేంద్రం పాదరసం కోసం ఏ పరికరమూ పెట్టకపోయినా, ఉన్నదంతా గాలికి వదిలినా, నిబంధన పాటించినట్టే. ఏడడుగుల వాకిట్లోంచి ఐదడుగుల మనిషి వంగకుండా నడిచి వెళ్లినట్టు. పాదరసం సగటును మించి ఉన్న బొగ్గు వాడితేనే తల పైకమ్మికి తగులుతుంది. కృష్ణపట్నం లాంటి రేవు కేంద్రాలు కలిపే ఇండోనేషియా బొగ్గులో పాదరసం ఇంకా తక్కువ కాబట్టి అక్కడ హద్దు మరింత ఎత్తులో ఉంటుంది.

చైనా పరిమితి కూడా 30 మైక్రోగ్రాములే. ఐరోపా సమాఖ్య 2017లో పాత పెద్ద బొగ్గు కేంద్రాలకు పెట్టిన స్థాయి 1 నుంచి 4 మైక్రోగ్రాములు. అమెరికా పరిమితిని మన కొలతలోకి మారిస్తే ఒకటిన్నర మైక్రోగ్రాములకు అటూ ఇటూ వస్తుంది. మనది దానికి దాదాపు ఇరవై రెట్లు.

న్యాయంగా చెప్పాలంటే మన దగ్గర పాదరసం మొత్తం గాలిలోకి పోవడం లేదు. పొగలో అది మూడు రూపాల్లో ఉంటుంది. బూడిద రేణువులకు అంటుకున్నది ఒకటి. దీన్ని బూడిద పట్టే ఈఎస్పీ పరికరం ఆపుతుంది. క్లోరిన్‌తో కలిసి నీటిలో కరిగే రూపం రెండోది. ఇది గాలిలో రోజుల పాటే ఉండి చుట్టుపక్కల రాలుతుంది. మూడోది శుద్ధ పాదరసపు ఆవిరి. మామూలు పరికరాలకు చిక్కదు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా గాలిలో తిరిగి భూమ్మీద ఎక్కడైనా దిగుతుంది. ఈఎస్పీ ఒక్కటే ఉన్న కేంద్రంలో స్థూలంగా మూడో వంతు పట్టుబడుతుందనుకోవచ్చు. ఆర్టీపీపీ లెక్కలో 850 కిలోలకు 560 దాకా పైకి పోతుంది, మిగతాది బూడిదలో ఉంటుంది. 2024 నవంబరులో ఆ బూడిద లారీలు ఎవరు తోలాలన్న విషయమై రాయలసీమ నాయకుల తగవు పత్రికలకెక్కింది. బూడిదకు అంత గిరాకీ. అందులో ఏముందన్న ప్రశ్న మాత్రం ఆ తగవులో వినబడలేదు.

30 మైక్రోగ్రాముల హద్దు అంత వదులుగా ఉన్నా నిపుణులు పెద్దగా గొడవ చేయకపోవడానికి కారణం ఉంది. పాదరసాన్ని విడిగా పట్టనక్కర్లేదనీ, అదే 2015 నోటిఫికేషన్‌లోని గంధకం హద్దు వల్ల అది కూడా తగ్గుతుందనీ ఆశించారు. సల్ఫర్ డయాక్సైడ్ తగ్గించడానికి ఎఫ్‌జీడీ అనే యంత్రం పెట్టాలి. అది పొగను సున్నపురాయి నీళ్లతో కడుగుతుంది. ఆ కడుగుడులో నీటిలో కరిగే పాదరసం కూడా దిగిపోతుంది. ఈఎస్పీకి ఎఫ్‌జీడీ తోడైతే మూడింట రెండు వంతుల దాకా పట్టవచ్చని ఇతర దేశాల అనుభవం. మన బొగ్గులో క్లోరిన్ తక్కువ కాబట్టి ఇక్కడ అంత రాకపోవచ్చు. అయినా ఉన్నదానికంటే మెరుగే. గంధకం కోసం పెట్టే ఖర్చుకు పాదరసం తగ్గడం పక్క లాభం.

ఆ పక్క లాభం ఏమైందో చూడండి. ఎఫ్‌జీడీలకు మొదటి గడువు 2017 డిసెంబరు. అది 2022కు జరిగింది. 2021లో కేంద్రాలను ఎ, బి, సి వర్గాలుగా విడదీశారు. గడువులు 2024–26కు, 2024 డిసెంబరులో 2027–29కి జరిగాయి. 2025 నాటికి దేశంలో పదో వంతు యూనిట్లలో కూడా ఎఫ్‌జీడీ లేదు. చివరికి 2025 జులై 11న సి వర్గానికి, అంటే సుమారు 600 యూనిట్లలో 78 శాతానికి, చిమ్నీ ఎత్తు నిబంధన పాటిస్తే చాలని గంధకం పరిమితి నుంచే మినహాయింపు ఇచ్చేశారు. బి వర్గంలోని 11 శాతం సంగతి ఒక్కోదాన్ని విడిగా చూసి తేలుస్తారు. ఎ వర్గంలోని 11 శాతం మాత్రం 2027 డిసెంబరుకల్లా పెట్టాలి.

ప్రభుత్వం చెప్పే కారణాలు కొట్టిపారేసేవి కావు. మన బొగ్గులో గంధకం తక్కువ. ఎఫ్‌జీడీ ఉన్న ఊళ్లకూ, లేని ఊళ్లకూ గాలిలో గంధకం విషయంలో పెద్ద తేడా కనబడలేదని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. సున్నపురాయి తవ్వడం, మోయడం, యంత్రం వాడుకునే కరెంటు వల్ల కర్బన ఉద్గారాలు పెరుగుతాయి. యూనిట్‌కు 25 నుంచి 30 పైసలు మిగులుతుందన్న అంచనాలు వచ్చాయి. 200 యూనిట్ల ఇంటికి నెలకు 50, 60 రూపాయలు. చిన్నది కాదు. అయితే ఈ వాదనలన్నీ గంధకం గురించినవి. నోటిఫికేషన్ పాదరసం పరిమితిని మార్చలేదు, 0.03 అలాగే ఉంది. కానీ పాదరసానికి ఆధారమైన యంత్రమే పోయింది, కాగితం మీది హద్దు ఎలాగూ ఎవరినీ వంచదు. పక్క లాభంగా పెట్టుకున్నదానికి కాపలా ఉండదని దీనివల్ల తెలుస్తోంది.

చిత్రమేమిటంటే అమెరికాలో ఇదే పక్క లాభం తగవు తలకిందులుగా నడిచింది. అక్కడి పర్యావరణ సంస్థ 2011 డిసెంబరులో విద్యుత్ కేంద్రాల పాదరసం మీద నేరుగా నియమం తెచ్చింది. ఏడాదికి 960 కోట్ల డాలర్ల ఖర్చు, 3,700 నుంచి 9,000 కోట్ల డాలర్ల లాభం అని లెక్క చూపింది. ఆ లాభంలో దాదాపు అంతా సన్న దుమ్ము తగ్గి ప్రాణాలు నిలవడం వల్ల వచ్చేది. పాదరసం తగ్గడానికి వాళ్లు డాలర్లలో కట్టగలిగిన విలువ 40 నుంచి 60 లక్షలు మాత్రమే. పక్క లాభాన్ని అసలు లెక్కలో కలపవచ్చా అన్న తగవు లేచింది, కొన్ని రాష్ట్రాలు, పరిశ్రమ సంఘాలు కోర్టుకెక్కాయి. 2015 జూన్‌లో సుప్రీంకోర్టు, ఖర్చును ముందే పరిగణించాల్సిందని 5–4తో తీర్పు చెప్పింది. ఆలోపే చాలా కేంద్రాలు పరికరాలు పెట్టేసుకున్నాయి. 2010తో పోలిస్తే 2017 నాటికి ఆ దేశపు విద్యుత్ కేంద్రాల పాదరసం 86 శాతం తగ్గింది. 2024లో నియమాన్ని మరింత బిగించారు, 2025లో సడలింపులు మొదలయ్యాయి. ఎటు తిరిగినా అక్కడ పోట్లాట పాదరసం పేరుతోనే సాగింది. మన దగ్గర ఆ పేరే రాలేదు.

మన వర్గీకరణలో ఇంకో లోపం ఉంది. ఎ, బి, సి అనేవి దూరాన్ని బట్టి పెట్టారు. పది లక్షల జనాభా దాటిన నగరానికి పది కిలోమీటర్ల లోపు ఉంటే ఎ. గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోని పట్టణాలకు, తీవ్ర కాలుష్య ప్రాంతాలకు పది కిలోమీటర్ల లోపు ఉంటే బి. మిగతావన్నీ సి. కాణిపాకానికి పన్నెండు కిలోమీటర్ల లోపే ఉన్న చిత్తూరు కూడా జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద ప్రమాణాలు అందుకోని పట్టణమే. నెల్లూరు, కడప కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కానీ కృష్ణపట్నం నెల్లూరుకు ఇరవై కిలోమీటర్ల పైమాట, ఆర్టీపీపీ కడపకు ఇంకా దూరం. ఈ కొలబద్దతో రెండూ సి వైపే పడతాయి. గంధకానికి పది కిలోమీటర్ల వలయం సరిపోతుందేమో, వాదించవచ్చు. ఏడాది పాటు గాలిలో తిరిగే పాదరసానికి పది కిలోమీటర్లు అర్థం లేని అంకె. ఎత్తు చిమ్నీ షరతు కూడా అంతే. 275 మీటర్ల చిమ్నీ విషాన్ని తగ్గించదు, దూరంగా పంపుతుంది. దూరం అంటే ఎవరి ఊరు?

చేయగలిగినది లేదా అంటే, ఉంది. పాదరసం కోసమే అయితే ఎఫ్‌జీడీ కట్టాల్సిన పని లేదు. సన్నటి ఉత్తేజిత కర్బనం పొడిని పొగలోకి చల్లితే పాదరసం దానికి అంటుకుని ఈఎస్పీలో పడుతుంది. అమెరికా కేంద్రాలు ఎక్కువగా ఆశ్రయించిన మార్గాల్లో ఇదొకటి. పరికరం చిన్నది, ఖర్చు ఎఫ్‌జీడీతో పోలిస్తే చాలా తక్కువ. బొగ్గును గని దగ్గరే కడిగితే పాదరసంలో కొంత అక్కడే పోతుంది. 500 కిలోమీటర్లు దాటి పంపే బొగ్గులో బూడిద 34 శాతం మించరాదన్న నియమం ఈ కడుగుడును ప్రోత్సహించేది. దాన్ని 2020 మేలో ఎత్తేశారు. అన్నిటికంటే ముందు కావలసింది ఆ 30 అంకెను దించడం. ఐరోపా స్థాయికి ఒక్కసారిగా రాకపోయినా సరే, బొగ్గు సహజంగా ఇచ్చేదానికి సగమైనా కిందికి దిగితేనే దాన్ని పరిమితి అనవచ్చు.

దీనికి గడువు కూడా ఉంది. పాదరసం మీద మినమాటా ఒప్పందాన్ని భారతదేశం 2018 జూన్ 18న ఆమోదించింది. పాత కేంద్రాల ఉద్గారాలు తగ్గించే చర్యలు ఒప్పందం తనకు అమల్లోకి వచ్చిన పదేళ్లలోపు, అంటే 2028 సెప్టెంబరు నాటికి తీసుకోవాలి. సంఖ్యా లక్ష్యం, ఉద్గార పరిమితి, ఉత్తమ సాంకేతికత, ఇతర కాలుష్యాలతో కలిపి తగ్గించే ఉమ్మడి వ్యూహం వంటి వాటిలో ఏదైనా ఎంచుకునే వీలు ఒప్పందం ఇచ్చింది. మనం నమ్ముకున్న ఉమ్మడి వ్యూహాన్ని 2025లో మనమే చాలా వరకు విప్పేశాం. ఇక మిగిలింది నేరుగా పరిమితి బిగించడమే.

పాఠకులు చేయగలిగిన పని ఒకటుంది. పర్యావరణ అనుమతి పొందిన ప్రతి కేంద్రమూ ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి అర్ధ సంవత్సర నివేదిక ఇవ్వాలి. సెప్టెంబరు 30లోగా కాలుష్య నియంత్రణ మండలికి వార్షిక పర్యావరణ ప్రకటన పంపాలి. మండలికి పెట్టే సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు చాలు. ఆర్టీపీపీకి, కృష్ణపట్నం కేంద్రాలకు సంబంధించి మూడు సంగతులు అడగండి: ఒక్కో యూనిట్ చిమ్నీలో పాదరసం ఎప్పుడు, ఎన్నిసార్లు కొలిచారు, ఎన్ని మైక్రోగ్రాములు వచ్చింది, కాలుస్తున్న బొగ్గులో, వస్తున్న బూడిదలో ఎంత ఉంది. ‘పరిమితికి లోబడి ఉంది’ అని జవాబు వస్తే ఒప్పుకోకండి. అంకె ఇమ్మని మళ్లీ రాయండి.